కఱవుపని – కూలివాని హక్కు

ఆంధ్రదేశమున పూర్వులు కాలమును లెక్కించుటకు క్షామములను గుఱుతుగా నుంచుకొనుచుండిరి. గుంటూరు సీమలో నందన కఱవు (1832-33), దత్తమండలములలో ధాత కఱవు (1876-77) ఆ యా సంవత్సరనామములతోనే జనుల నోట నిలిచినవి. ఆ పేళ్ళు ప్రజల దుఃఖమును మాత్రమే తెలుపును. ఆ క్షామములలో ప్రభుత్వము పెట్టిన పనులు, ఆ పనులకిచ్చిన కూలి, ఆ కూలినిగూర్చి జరిగిన వాదములు వేఱొక చరిత్రను తెలుపుచున్నవి. ఒడలు వంచి పనిచేయగలవానికి పని దొరకని దినమున వానిని బ్రదికించు భారమెవ్వరిది? ఎంత కూలి యిచ్చినచో బ్రదికించినట్లగును? ఆ కూలిని వాడు దయగా నందుకొనవలయునా, హక్కుగా నడుగవచ్చునా? ఈ మూడు ప్రశ్నలకును సమాధానములు ఒక్కసారిగా రాలేదు. ధాత కఱవు మొదలు నూటముప్పది యేండ్లలో అవి యొకదానివెంట నొకటిగా వచ్చినవి. ఆ క్రమమును నిరూపించుటయే యీ వ్యాసమున కుద్దేశము.

పూర్వపు టేర్పాటులు

క్షామకాలమున పని పెట్టి ప్రజలను పోషించుట క్రొత్త యాలోచన కాదు. కౌటిలీయార్థశాస్త్రము నాలుగవ యధికరణమున ఉపనిపాతప్రతీకారమను ప్రకరణము గలదు. దుర్భిక్షము వచ్చినపుడు రాజు విత్తనములను, అన్నమును ఇచ్చి ప్రజలను ఆదుకొనవలయుననియు, లేదా అన్నమునిచ్చి దుర్గములు, సేతువులు కట్టింపవలయుననియు అందు విధింపబడినది. సేతువనగా నిచ్చట చెఱువుకట్టలు, ఆనకట్టలు మున్నగునవి. 1784లో లక్ష్మణపురి నవాబగు ఆసఫుద్దౌలా పెద్ద ఇమాంబారాను కట్టించుట క్షామపీడితులకు పని కల్పించుటకేయని ప్రసిద్ధి. ఇంగ్లీషు కుంఫిణీవారి కాలమున చెన్నపురి ప్రభుత్వము 1792లో తొలిసారిగా కఱవుపనులను తెఱచెను.

క్షామము లేని దినములలో తెలుగు గ్రామమునకు తనదైన యేర్పాటొకటి యుండెను. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, చాకలి, మంగలి మొదలగువారికి కళ్ళమునొద్ద ధాన్యములో మేరలు లభించుచుండెను. కొందఱికి మాన్యములు గలవు. పని యున్న దినమునకు మాత్రమే కూలి యను నియమము వీరికి లేదు. గ్రామమునకు పంట యున్నంతకాలము వీరికి భుక్తి యుండెను. కాని యీ యేర్పాటునకు రెండు లోపములు గలవు. మేర కులవృత్తికి కట్టుబడినది. వృత్తి మార్చుకొనువానికి మేర లేదు. రెండవది, పంట పోయినయేడు మేరయు పోవును. అంతకంటె ముఖ్యముగా, గ్రామమున అందఱికంటె నెక్కువ శ్రమించు పాలేళ్ళకును, దినకూలీలకును ఇందు స్థిరమైన భాగము లేకుండెను. వీరిలో పెక్కండ్రు అంటరానివారుగా నెంచబడిన కులములవారు. సాలెవారి స్థితియు నట్టిదే. తినుటకు గింజలు లేనినాడు బట్టలు కొనువారుండరు. ధాత కఱవు మొట్టమొదట గూల్చినది వీరినే.

ధాత కఱవు

1876లో నైరృతి ఋతుపవనములును, ఈశాన్య ఋతుపవనములును చెన్నపురి రాజధానిలో విఫలములయ్యెను. బళ్లారి, కర్నూలు, కడప మండలములు మిక్కిలి చెడిపోయినవి. ధాన్యపుధర మామూలు ధరకు రెండింతలు, కొన్నిచోట్ల మూడింతలయ్యెను. అప్పటికే చెన్నపురినుండి దత్తమండలములమీదుగా రైలుమార్గ ముండెను. ధాన్యము వచ్చుచుండెను, కాని దానిని కొనుటకు కూలివానిచేత కాసు లేదు. పొలములో పని లేనందున కూలి లేదు. కూలి లేనందున బజారులోని గింజ వానికి లేనట్లే. ఈ సత్యమును గ్రహించినచో కఱవు వానకు మాత్రమే సంబంధించినది కాదనియు, కూలికిని సంబంధించినదనియు తెలియును.

అప్పుడు చెన్నపురి గవర్నరు బకింగుహాం ప్రభువు. ఆయన ప్రభుత్వము రోడ్లు, చెఱువులు, కాలువల పనులను విరివిగా తెఱచెను. 1877 మొదటికి పదిలక్షలకు మించిన జనులు ఈ పనులమీద నుండిరి. చెన్నపట్టణమున కూవము, అడయారు నదులను కలుపు కాలువభాగము ఈ క్షామపు కూలీలు త్రవ్వినదే. చెన్నపట్టణమునుండి ఉత్తరముగా తెలుగుతీరమున పోవు ఉప్పుకాలువయు దానితో గలిసి బకింగుహాం కాలువయను పేరొందెను. పేరు గవర్నరుది, త్రవ్వినది ఆకలిగొన్న కూలీలు.

ఇంతమంది పనిలోనికి వచ్చుట చూచి రాజప్రతినిధియగు లిట్టను ప్రభువునకు వ్యయభీతి కలిగెను. ఆయన 1877 జనవరిలో సర్ రిచర్డు టెంపులును విచారణకై దక్షిణమునకు పంపెను. ఈ టెంపులు మూడేండ్లకు ముందు, 1873-74లో, బీహారు క్షామమున బర్మానుండి బియ్యము తెప్పించి ధారాళముగ వ్యయపఱచి ప్రజలను గాపాడినవాడే. కాని ఆ వ్యయమునకై ఆయన నిందలపాలయ్యెను. చెన్నపురికి వచ్చినపు డాయన వెనుకటి నిందను తుడిచికొనదలచినవానివలె మితవ్యయమునే పట్టుకొనెను.

ఒక పౌను వాదము

టెంపులు విధించిన కూలి యేమనగా: పనిచేయు మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యము, దానిమీద ఒక అణా, ఆడువారికి, పనిచేయు పిల్లలకు అంతకు కొంత తక్కువ. ఒక పౌను ఇప్పటి తూకమున ఇంచుమించు 450 గ్రాములు. ఈ మాత్రముతో దినమంతయు ఎండలో మన్ను త్రవ్వి, రాళ్ళు కొట్టవలయును. కూలి ఎక్కువయైనచో అవసరము లేనివారుకూడ పనికి వత్తురనియు, ఒక పౌనుతో ప్రాణము నిలుచుననియు టెంపులు వాదించెను.

దీనిని ఎదిరించినవాడు చెన్నపురి ప్రభుత్వపు ఆరోగ్యశాఖాధికారియగు డాక్టరు కార్నిషు. ఆయన వాదము రాజకీయవాదము కాదు, శరీరశాస్త్రవాదము. ఊరకుండు దేహమునకు చాలు తిండి పనిచేయు దేహమునకు చాలదు. చెఱసాలలలో ఖైదీలకు పెట్టు తిండి లెక్కలు, వారి ఆరోగ్యమును గూర్చిన అనుభవము అప్పటికే ప్రభుత్వమువద్ద నుండెను. వానిని ముందుంచుకొని, కనీసము ఒకటిన్నర పౌను ధాన్యమును, దానితో పప్పు, కూరలును లేనిదే కూలివాడు నిలువజాలడని కార్నిషు నిరూపింపజూచెను. పనిచేయించుచు తక్కువ తిండి పెట్టుట మెల్లగా చంపుటయే యని ఆయన తాత్పర్యము. పత్రికలలోను, ప్రభుత్వ లేఖలలోను ఈ వాదము తీవ్రముగ నడచెను. చెన్నపురి ఆంగ్ల పత్రికాధిపతియు, క్షామనివారణ సంఘ కార్యదర్శియునగు విలియం డిగ్బీ తరువాత 1878లో ప్రకటించిన గ్రంథమున ఈ వివాదమును విపులముగ వ్రాసియున్నాడు.

కొన్ని నెలలలోనే చెన్నపురి ప్రభుత్వము సగముదూరము వెనుకకు వచ్చినది. కూలిని ఒకటింపాతిక పౌను ధాన్యము, ఒకటిన్నర ఔన్సు పప్పుగా పెంచెను. కాని అప్పటికి ఎందఱో బలము చెడి, వాంతిభేదులకు, జ్వరములకు లోనై చనిపోయిరి. ఆంగ్లపాలిత ప్రాంతములలో ఈ క్షామమువలన చనిపోయినవారి సంఖ్య అర్ధకోటికి మించినదని క్షామవిచారణ సంఘము గణించెను. కర్నూలు మండలపు జనసంఖ్య 1871 కంటె 1881లో ఇంచుమించు నాలుగవవంతు తగ్గెను.

ఒక పౌనా, ఒకటిన్నర పౌనా యను నీ వాదము చిన్నదిగా దోచవచ్చును. కాని కూలి యెంత యుండవలయునను ప్రశ్నకు బజారుధరను విడిచి, కూలివాని దేహమును ప్రమాణముగ తీసికొని సమాధానము చెప్పుటకు ఈ దేశమున జరిగిన తొలియత్నములలో ఇది ముఖ్యమైనది.

కూలీల నిరాకరణము

ఇదే సమయమున బొంబాయి రాజధానిలోని దక్కను మండలములలో కూలీలు తామే సమాధానము చెప్పిరి. అచ్చట కూలి తగ్గింపబడెను. ఊరికి దగ్గఱనున్న పనులను మూసి, దూరపు శిబిరములకు పొమ్మనిరి. దూరము పోవుటకు సిద్ధపడినవాడే నిజముగ అక్కఱగలవాడని అధికారుల యూహ. 1877 మొదట వేలకొలది కూలీలు ఆ పనులకు పోము అని నిరాకరించిరి. 1870లో స్థాపింపబడిన పూనా సార్వజనిక సభ గణేశ వాసుదేవ జోషీ మున్నగువారి నాయకత్వమున వారి పక్షము వహించి ప్రభుత్వమునకు విన్నపములు పంపెను. ఆకలిగొన్నవాడు పెట్టినది పుచ్చుకొనునని తలచినవారికి ఈ నిరాకరణము వింతగా దోచెను. కఱవుకూలి దానము కాదనియు, చేసిన పనికి ప్రతిఫలమనియు కూలీలు భావించిరనుటకు ఇదియే సాక్ష్యము.

1880 నాటి భయము

ఈ క్షామానంతరము 1878లో సర్ రిచర్డు స్ట్రేచీ అధ్యక్షతను క్షామవిచారణ సంఘము నియమింపబడి 1880లో తన నివేదికను సమర్పించెను. దానినిబట్టి 1883లో క్షామనిబంధనావళి యేర్పడెను. ప్రజలు బలహీనులగుటకు ముందే పనులను తెఱవవలయుననియు, మొదట పరీక్షాపనులు పెట్టి జనులు వచ్చుటనుబట్టి క్షామమును గుర్తింపవలయుననియు, కూలి ధాన్యపుధరతోబాటు మాఱుచు ఆరోగ్యమును నిలుపునంతగా నుండవలయుననియు, పనిచేయజాలని వృద్ధులకు, రోగులకు గ్రామములోనే ఉచితముగ సాయమీయవలయుననియు నిర్ణయింపబడెను. టెంపులు కూలివలన కలిగిన యనర్థము ఈ నిబంధనలకు పాఠమయ్యెను. తరువాతి 1896-97, 1899-1900 క్షామములలో ఇవి పరీక్షింపబడి, 1898, 1901 సంవత్సరములలో క్రొత్త విచారణలచే సవరింపబడెను.

ఐనను ఒక్క విషయమున విచారణ సంఘము మిక్కిలి జాగరూకత వహించెను. క్షామకాలమున ప్రజలను రక్షించుట ప్రభుత్వధర్మమని అది యొప్పుకొనెను. కాని ఆ రక్షణ నడుగు హక్కు పేదలకు గలదని యొప్పుకొనలేదు. క్షామమున హక్కు గలదన్నచో, నేడో రేపో అన్నికాలములయందును హక్కు గలదనవలసి వచ్చుననియు, అప్పుడు పేదల పోషణమంతయు ప్రభుత్వముమీద పడుననియు అది భయపడెను. కావున క్షామనిబంధనలు అధికారులకు శాసనములుగా నుండెనే కాని, కూలివానిచేతిలో నాయుధము కాలేదు. పని పెట్టనిచో అధికారిని పై యధికారి మందలింపవచ్చును. కూలివాడు న్యాయస్థానమున నిలువబెట్టలేడు.

మూడు ప్రశ్నలలో మొదటిదానికి సమాధానము వచ్చినది: భారము ప్రభుత్వముది. రెండవదానికి సగము సమాధానము వచ్చినది: ప్రాణము, ఆరోగ్యము నిలుచునంత. మూడవది మిగిలినది.

దేహప్రమాణము నుండి జీవనప్రమాణమునకు

స్వాతంత్ర్యానంతరము 1948లో కనీసవేతనముల చట్టము చేయబడెను. వ్యవసాయపు కూలీలును అందు చేర్పబడిరి. 1950 జనవరి 26 నుండి అమలునకు వచ్చిన రాజ్యాంగము తన 41వ అధికరణమున పనిచేయు హక్కును, 43వ అధికరణమున గౌరవముగ జీవించుటకు తగిన వేతనమును ప్రభుత్వలక్ష్యములుగా ప్రకటించెను. కాని యివి న్యాయస్థానములచే అమలుచేయింప దగినవి కావని 37వ అధికరణము చెప్పెను. 1880 నాటి జాగరూకత యిందును కొంత కనబడుచున్నది.

కనీసవేతనమును లెక్కించు విధమును 1948 చట్టము తెలుపలేదు. 1957లో జరిగిన పదునైదవ భారత కార్మిక సమ్మేళనము ఆ కొఱతను దీర్చెను. పనిచేయువాని కుటుంబమును మూడు పోషణ ప్రమాణములుగ నెంచి, ఒక్కొక్క ప్రమాణమునకు 2,700 కాలరీల ఆహారము, కుటుంబమునకు ఏడాదికి 72 గజముల బట్ట, ఇంటియద్దె, వీనిపై వంటచెఱకు, దీపము మున్నగువానికి మొత్తము వేతనములో ఐదవవంతు అని అది నిర్ణయించెను. ఈ కాలరీల లెక్క డాక్టరు ఆయ్‌క్రాయిడుది. ఆయన కూనూరులోని పోషకాహార పరిశోధనాలయమునకు అధ్యక్షుడుగా నుండినవాడు. ఆ పరిశోధనాలయమే 1958లో హైదరాబాదునకు మార్పబడి, తరువాత జాతీయ పోషకాహార సంస్థయయ్యెను. కార్నిషు చెఱసాల తిండిలెక్కలతో మొదలుపెట్టిన వాదము ఇట్లు శాస్త్రీయమైన ప్రమాణమును పొందినది. 1877లో ప్రమాణము ఒంటరి కూలివాని ప్రాణము. 1957లో ప్రమాణము కుటుంబముయొక్క తిండి, బట్ట, ఇల్లు. 1991లో సర్వోన్నత న్యాయస్థానము పిల్లల చదువు, వైద్యము, పండుగలు, వార్ధక్యము మున్నగువానికై వేతనములో నాలుగవవంతు భాగమును గూడ లెక్కలోనికి దీసికొనవలయునని తీర్పు చెప్పెను.

హక్కుయొక్క జననము

మూడవ ప్రశ్నకు సమాధానము మహారాష్ట్రమున పుట్టినది. 1965లో వి. స. పాగే సాంగ్లీ జిల్లా తాస్‌గావు ప్రాంతమున, పని యడిగినవారి కెల్ల పని యిచ్చు పథకమును చిన్న మేర పరీక్షించెను. 1972-73లో ఆ రాష్ట్రమున ఘోరమైన అనావృష్టి కలిగినపుడు, 1973 వేసవిలో ఇంచుమించు 50 లక్షలమంది క్షామపనులలో నుండిరి. అందు స్త్రీలు పెక్కండ్రు. ఈ యనుభవమునుండి 1977లో ఉపాధి హామీ చట్టము పుట్టి 1979 జనవరి 26న అమలునకు వచ్చెను. పని యడిగిన పదునైదు దినములలో పని యీయవలయును. ఈయనిచో భృతి యీయవలయును. దీని వ్యయమునకై 1975 నుండి వృత్తిపన్ను విధింపబడెను. నగరములలో జీతము, లాభము పొందువారిచ్చు పన్నుతో పల్లెకూలికి పని కల్పింపబడెను. సమాజము తన కార్మికులకు హామీ యిచ్చుటయనగా నేమో ఈ యేర్పాటు తేటగా చూపినది: హామీ యనునది వాగ్దానము మాత్రము కాదు, దానివెనుక ఎవరో చెల్లింపవలసిన ధనమున్నది.

కూలి విషయమున న్యాయస్థానము 1983లో మఱియొక మెట్టెక్కెను. రాజస్థాన ప్రభుత్వము 1964లో చేసిన శాసనముచే క్షామపనులలోని కూలీలకు కార్మికచట్టములు వర్తింపకుండ చేసియుండెను. క్షామపీడితుల నిస్సహాయతను ఆసరాగొని కనీసవేతనమునకు తక్కువ యిచ్చుట రాజ్యాంగము 23వ అధికరణము నిషేధించిన వెట్టిచాకిరియే యగునని న్యాయమూర్తి భగవతి తీర్పుచేసెను. ఒక పౌను వాదమునకు నూఱేండ్ల తరువాత న్యాయస్థానమిచ్చిన సమాధాన మిది.

2005లో పార్లమెంటు జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టమును చేసెను. గ్రామీణ కుటుంబమునకు ఏడాదికి 100 దినముల పని. అడిగిన పదునైదు దినములలో పని, లేనిచో భృతి. ఊరికి ఐదు కిలోమీటరులలోపల పని, అంతకు మించినచో కూలిలో పదియవవంతు అదనము. పనిచోట నీడ, త్రాగునీరు, పసిపిల్లలను చూచుకొనుటకు మనిషి. ఈ నిబంధనలలో నొక్కొక్కదానివెనుక 1877 కనబడును. దూరపు శిబిరములకు పొమ్మన్నదానికి ఐదు కిలోమీటరుల నియమము. నీడలేని పనికి నీడ. అధికారి విచక్షణకు మాఱుగా కూలివాని దరఖాస్తు. 1880లో విచారణ సంఘము దేనికి భయపడెనో అదియే, క్షామము లేని కాలమునందును పని నడుగు హక్కు, శాసనమయ్యెను.

ఈ చట్టపు పనులు 2006 ఫిబ్రవరి 2న అనంతపురము జిల్లా బండ్లపల్లి గ్రామమున ప్రధానమంత్రి మన్మోహన్ సింగుచే ప్రారంభింపబడెను. ధాత కఱవునాడు ఈ ప్రాంతము బళ్లారి మండలములోనిది. అనంతపురము 1882లో వేఱు జిల్లా యయ్యెను. ఏ నేలమీద కూలి ఒక పౌనుకు తగ్గింపబడెనో ఆ నేలమీదనే హక్కు ప్రారంభమయ్యెను. అప్పటి ఆంధ్రప్రదేశ రాష్ట్రమున మస్తరు పట్టీలను గ్రామసభలో చదివి, ఎవరు పనిచేసిరో, ఎవరికెంత ముట్టినదో అందఱియెదుట విచారించు సామాజిక తనిఖీ పద్ధతి బాగుగ నెలకొనెను. 2009లో దానికై ప్రత్యేకసంస్థ స్థాపింపబడెను. వ్రాతపట్టీ అధికారి పెట్టెలో నున్నంతకాలము హక్కు కాగితముమీదిదే. ఊరివారు చదివి వినినపుడే అది కూలివాని చేతిలోనికి వచ్చినది.

ఉపసంహారము

ఐనను పాతప్రశ్నలు పూర్తిగ తీఱలేదు. 2005 చట్టపు ఆఱవ సెక్షను, కనీసవేతనముల చట్టముతో నిమిత్తము లేకుండ కేంద్రప్రభుత్వము కూలిని నిర్ణయింపవచ్చునని చెప్పెను. 1983లో తీర్పు మూసిన తలుపు ఇట్లు మరల కొంత తెఱవబడెను. కూలి చెల్లింపులోని యాలస్యములును దినముగడచిన కూలిని సగము కూలిగ చేయుచుండెను. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టమునకు మాఱుగా, దినములను 125కు పెంచుచు, వ్యయభారమును రాష్ట్రములతో వేఱువిధమున పంచుచు, వేఱొక చట్టము చేసెను. ఎన్ని దినములు, ఎంత కూలి, ఎవరి ధనము అను లెక్క మాఱుచుండవచ్చును. కాని ఈ చరిత్ర తెలుపునది యొక్కటి. పని, చాలినంత కూలి, అడుగు హక్కు అను మూడింటిలో ఏది లోపించినను మిగిలిన రెండును నిలువవు. 1877లో పని యుండెను, కూలి చాలలేదు; జనులు పనిచేయుచునే చనిపోయిరి. 1883 తరువాత కూలిని గూర్చి నియమ ముండెను, హక్కు లేదు. అధికారి కన్ను తెఱచువఱకు కూలివాడు వేచియుండవలసి వచ్చెను. హక్కు శాసనమైన తరువాత కూలి మరల తగ్గినచో, హక్కు పేరునకు మాత్రమే మిగులును.

తెలుగుపల్లెలలో ఉపాధి హామీ పనికి జనులు పెట్టిన పేరు చట్టములోనిది కాదు. వారు దానిని కఱవుపని యనియే పిలిచిరి. వానలు కురిసి పంటలు పండిన యేటను ఆ పేరు మాఱలేదు. తాతల నాటి జ్ఞాపక మా మాటలో నున్నది. నిండుపంటల నాడును కూలివాని యింట కఱవు పొంచియుండునని ఆ పేరు పెట్టినవారికి తెలియును.